పాడే నటుడు, వినే నటుడు: చిత్తూరు వి. నాగయ్య

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో డెబ్భై ఏళ్లు దాటిన వాళ్లెవరైనా ఉంటే, చిత్తూరు నాగయ్య గురించి వాళ్లకు ఏం గుర్తుందో అడగండి. ఎక్కువగా రెండు మాటలు వినబడతాయి. ఆయన పోతనగా, వేమనగా, త్యాగయ్యగా కనిపించిన మహానుభావుడు అన్నది ఒకటి. అడిగిన వాళ్లకల్లా ఇచ్చేసి, చివరి రోజుల్లో తానే ఇబ్బంది పడ్డ దాత అన్నది రెండోది. రెండూ నిజాలే. కానీ సినిమాను ఒక కళగా చదువుకుంటున్న మీకు ఈ రెండు మాటలూ పెద్దగా ఉపయోగపడవు. వీటిలో ఆయన మంచితనం ఉంది గాని ఆయన పని లేదు. పటానికి దండ వేశాక ఆ మనిషి పాట ఎలా పాడాడో, ఎందుకు అలాగే పాడాడో ఎవరూ అడగరు. ఈ పాఠంలో మనం అడుగుదాం.

మా వాదన ఇది. నాగయ్యలోని నటుణ్ణీ, సంగీత దర్శకుణ్ణీ విడదీసి అంచనా వేస్తే ఇద్దరూ మన చేతికి దొరకరు. ఆయన కట్టిన వరసలు చాలావరకు తన ఊపిరికి, తన మాట తీరుకు కొలిచి కట్టుకున్నవి. ఆయన నటనలో మనకు నచ్చే నెమ్మది కూడా సంగీతజ్ఞుడి నుంచి వచ్చిందే. ఈ ఇద్దరూ ఒకే మనిషిలో ఉండటానికి వీలిచ్చిన కాలం తెలుగు సినిమాలో కొద్ది సంవత్సరాలే సాగింది. ఆ కాలం పోయాక నాగయ్యకు ఏం జరిగిందన్నదే ఆయన జీవితంలో అసలు ప్రశ్న.

నాటకం, గ్రామఫోను, మైకు

నాగయ్య 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. ఇంటిపేరు వుప్పలదడియం. పేరులోని 'వి' అదే. పెరిగింది, చదువుకున్నది, పేరు తెచ్చుకున్నది చిత్తూరులో కాబట్టి ఊరి పేరు ముందుకొచ్చి కూర్చుంది. కొన్నాళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా, కొన్నాళ్లు ఆంధ్రపత్రికలో విలేఖరిగా పనిచేశారు. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో వేషాలు కట్టారు. 'సారంగధర'లో చిత్రాంగి వంటి స్త్రీ పాత్రలూ అందులో ఉన్నాయి. గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. సినిమాలోకి వచ్చేసరికి ఆయన వయసు ముప్ఫై నాలుగు.

ఆ వయసులో వచ్చిన రంగస్థల నటుడు రంగస్థల పద్యాన్ని కూడా వెంట తెచ్చుకోవాలి. ఆ రోజుల్లో చాలామంది తెచ్చుకున్నారు. నాటకంలో పద్యం చివరి బెంచీ వరకు వినబడాలి, మైకు లేదు. అందుకని శ్రుతి పైన ఉంటుంది, గొంతు బిగువుగా ఉంటుంది, పాదం చివర రాగం సాగుతుంది, ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే మళ్లీ మొదలవుతుంది. ఇది తప్పేమీ కాదు. ఆ ఆవరణకు అది కావాలి. 1930లలో వచ్చిన తొలి తెలుగు టాకీల్లో చాలావాటిలో ఇదే పద్ధతి కెమెరా ముందు కొనసాగింది. మనిషి దగ్గరగా కనబడుతూ ఉంటాడు, గొంతు మాత్రం దూరంగా ఉన్నవాణ్ణి పిలుస్తున్నట్టు ఉంటుంది.

నాగయ్య ఇందులోంచి ఎలా తప్పుకున్నారు? గ్రామఫోను అనుభవం కొంత కారణమని మా ఊహ. 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే తిరుగుతుంది. అంతలోనే భావం చెప్పి ముగించాలి. పైగా రికార్డింగు మైకు ముందు అరవనక్కరలేదు, అరిస్తే చెడుతుంది కూడా. గొంతు తగ్గించినా వినబడుతుందని తెలిసిన గాయకుడు సినిమాకు వచ్చాడు. ఇంకొకటి ఆయన గొంతు స్వభావం. అది గంభీరమైన గొంతు కాదు. మెత్తగా, కాస్త గాలి కలిసినట్టు, మధ్య స్థాయిలో హాయిగా తిరుగుతుంది. తన పరిమితి తెలిసిన మనిషి ఆ పరిమితిలోనే ఇల్లు కట్టుకున్నాడు.

అప్పటి పని పద్ధతిని కూడా గుర్తుంచుకోండి. పాటను ముందే స్టూడియోలో రికార్డు చేసుకుని తెరపై పెదవులు కదిపే విధానం ఇంకా స్థిరపడని కాలం. నటులు చాలాసార్లు సెట్టు మీదే పాడేవారు. వాయిద్యాలవాళ్లు కెమెరాకు కనబడకుండా, మైకుకు అందేంత దూరంలో కూర్చునేవారు. అందుచేత వాయిద్యాలు తక్కువ, పాటకు ఆధారం గొంతే. ఈ ఇబ్బందిని నాగయ్య ఒక సౌకర్యంగా మార్చుకున్నారు. తాను కట్టిన వరసను తానే, అదే క్షణంలో, అదే ముఖంతో పాడగలిగినప్పుడు పాటకూ మాటకూ మధ్య గడప దాటాల్సిన పని ఉండదు.

వాహినీ చిత్రాలు

1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'లో ఆయన తొలిసారి తెరపై కనిపించారు. ఆ చిత్ర నిర్మాణంలో ఉన్న బి.ఎన్. రెడ్డి మరుసటి సంవత్సరం వాహినీ సంస్థ తొలి చిత్రం 'వందేమాతరం' తీసినప్పుడు కథానాయకుడి పాత్ర నాగయ్యకు ఇచ్చారు. కాంచనమాల నాయిక. తర్వాత 'సుమంగళి' (1940), 'దేవత' (1941), కొంత ఆగి 'స్వర్గసీమ' (1945). ఇవి సాంఘికాలు. నాగయ్య అంటే తులసిమాల అనుకునేవాళ్లు ఈ వరసను మరిచిపోతారు. ఉద్యోగం లేని పట్టభద్రుడు, సంఘ సంస్కర్త, ఇంగ్లండు వెళ్లి వచ్చిన బారిష్టరు, పత్రికా సంపాదకుడు, ఇలా పంచెకట్టు, కోటు మధ్య తిరిగిన మనిషి ఆయన.

'సుమంగళి' వితంతు వివాహం గురించిన చిత్రం. అందులో నాగయ్య వేసిన పంతులు పాత్రకు కందుకూరి వీరేశలింగం నమూనా. ముప్ఫై ఆరేళ్లవాడు వృద్ధుడిగా కనిపించాలి. ఇటువంటి చోట రంగస్థల నటుడు గొంతు వణికిస్తాడు, నడుం వంచుతాడు. నాగయ్య ఎంచుకున్న దారి కాలప్రమాణం. మాటకూ మాటకూ మధ్య ఎడం కాస్త పెంచారు. వినేవాడి జవాబు పూర్తయ్యాక ఒక క్షణం ఆగి మొదలుపెడతారు. ఇది నటనకు చెందిన నిర్ణయమే గాని, తీసుకున్నది మాత్రం లయ తెలిసినవాడు.

'స్వర్గసీమ' దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. సంగీతం నాగయ్య అని తెరమీద పేరు చూసి ప్రతి వరసా ఆయనదే అనుకోకండి. ఓగిరాల రామచంద్రరావు ఆ చిత్ర సంగీతంలో భాగస్వామి. భానుమతికి గొప్ప పేరు తెచ్చిన పావురాల పాట వరస బాలాంత్రపు రజనీకాంతరావుది. సినిమా సంగీతంలో ఇటువంటి పంపకాలు మామూలే. విమర్శ రాసేవాళ్లు తెరమీది పేరును ఆధారంగా తీసుకోవాలి గాని తుదితీర్పుగా తీసుకోకూడదు. ఆ చిత్రంలో నాగయ్య వేసింది ఒక బలహీనుణ్ణి. కల్యాణి వంటి భార్య ఉండగా, రంగస్థలంపై వెలుగుతున్న సుజాతాదేవి వైపు జారిపోయే సంపాదకుడు. పోతన తర్వాత ఆ పాత్ర ఒప్పుకోవడం చిన్న సాహసం కాదు. భానుమతి గొంతులోని మెరుపు పక్కన తన గొంతు వెలవెలబోతుందని సంగీత దర్శకుడికి తెలియకుండా ఉండదు. కథకు కావలసిందీ అదే. ఆ మనిషి ఆమె ముందు వెలవెలబోవాలి.

పోతన, వేమన

'భక్త పోతన' దర్శకుడిగా కె.వి. రెడ్డికి తొలి చిత్రం. ఇక్కడ నాగయ్య ముందున్న చిక్కు మీకు బాగా అర్థమవుతుంది, ఎందుకంటే భాగవత పద్యాలు మీరూ బడిలో కంఠస్థం చేసినవారే. ప్రేక్షకుడికి ముందే తెలిసిన పద్యాన్ని ఎలా వినిపించాలి? కొత్త రాగం కట్టి ఆశ్చర్యపరచవచ్చు. నాగయ్య ఆ పని చేయలేదు. పద్యాన్ని వాక్యంలా పాడారు. కర్త ఎక్కడుందో, క్రియ ఎక్కడ పడిందో చెవికి తెలుస్తుంది. యతి దగ్గర ఆగవలసిన చోట అర్థం ఆగకపోతే ఆయనా ఆగరు. సమాసం మధ్యలో ఊపిరి తీసుకుని దాన్ని రెండు ముక్కలు చేయరు. గమకం ఉంటుంది, మాట అర్థాన్ని మింగేంత ఉండదు. పోతన అప్పుడే ఆ పద్యం అనుకుంటున్నాడని మనకు నమ్మకం కలుగుతుంది. నటన అంటే అంతకంటే ఏం కావాలి? ఇందుకు గొంతు ఒక్కటే చాలదు, వరస కూడా దారి ఇవ్వాలి. నటుడి అవసరం తెలిసిన సంగీత దర్శకుడు ఇక్కడ ఆ దారి ఇచ్చాడు.

'యోగి వేమన' (1947) ఇంకా కష్టమైన పరీక్ష. దర్శకుడు మళ్లీ కె.వి. రెడ్డే. వేమన పద్యాలు చిన్న ఆటవెలదులు. ప్రతి తెలుగు పిల్లవాడి నోట్లో ఒకే పాత బాణీలో అరిగిపోయినవి. చివరి పాదం రాగానే తల ఊగుతుంది, అర్థం ఊసే ఉండదు. ఈ చిత్రంలో వేమన మొదట భోగి. తర్వాత అభిరాముడితో కలిసి బంగారం చేసే యావలో పడినవాడు. ఆ యావలో ఉండగానే ప్రాణంగా చూసుకున్న అన్న కూతురు జ్యోతి చనిపోతుంది. శ్మశానంలో ఆయన ముందున్నది పరుసవేది జవాబు చెప్పలేని ప్రశ్న.

ఆ శ్మశాన ఘట్టాన్ని రెండుసార్లు చూడమని మా సలహా. మొదటిసారి బొమ్మతో చూడండి. రెండోసారి కళ్లు మూసుకుని వినండి. పాట ఎక్కడ మొదలైందో కచ్చితంగా చెప్పలేరు. ఏడుపు మాటలోకి, మాట పాటలోకి జారతాయి. నేర్చిన గాయకుడు దుఃఖంలో కూడా శ్రుతి మీద నిలబడతాడు. ఇక్కడ శ్రుతి తప్పదు గాని నిలబడిన గర్వం కనబడదు. ఈ చిత్రంలో తొలి భాగపు వేమన గొంతూ, చివరి భాగపు వేమన గొంతూ పక్కపక్కన పెట్టి వింటే ఒక మనిషి జీవితమంతా వినబడుతుంది. మొదట పాట నలుగురూ వినడానికి. చివర అది తనలో తాను చెప్పుకునే మాట. నాగయ్య చిత్రాల్లో ఒక్కటే ఎంచుకోమంటే మేము దీన్నే ఎంచుకుంటాం. ఎక్కువ పేరు 'త్యాగయ్య'కు ఉన్నా సరే.

ఒకే చేతిలో అన్నీ

ఆ మాట ఎందుకు అన్నామో చెప్పాలి. 1946లో వచ్చిన 'త్యాగయ్య'ను నాగయ్య తన సొంత సంస్థ రేణుకా ఫిలిమ్స్ మీద తీశారు. నిర్మాత, దర్శకుడు, సంగీత దర్శకుడు, నటుడు అన్నీ ఆయనే. తమిళ ప్రాంతాల్లోనూ జనం దాన్ని ఆదరించారు. త్యాగరాజు తెలుగులో రాసి తంజావూరు సీమలో బతికినవాడు గనుక ఆ ఆదరణ సహజమే.

ఇందులో గొప్ప ఆలోచన ఒకటి ఉంది. కచేరీలో త్యాగరాజ కీర్తన అంటే ఆలాపన, సంగతులు, నెరవు, స్వరకల్పన. విద్వాంసుడి ప్రజ్ఞకు అది వేదిక. నాగయ్య కీర్తనను కచేరీ నుంచి వెనక్కి తీసుకెళ్లి దాని పుట్టుక దగ్గర పెట్టారు. అన్న విగ్రహాన్ని కావేరిలో పారేశాడు, రాజు పిలుపు వచ్చింది, విగ్రహం దొరికింది. ఇలా ఒక్కో ఘట్టంలో ఒక మనిషి నోటి నుంచి ఆ క్షణంలో ఏం వచ్చి ఉంటుంది? స్వరప్రస్తారం తగ్గించి, సాహిత్యం ముందుకు తెచ్చి, పాడారు. శాస్త్రీయ సంగీతం తెలియని పల్లె ప్రేక్షకుడికి త్యాగరాజు చేరువ కావడంలో ఈ నిర్ణయం పాత్ర చాలా ఉంది.

లోపం కూడా అక్కడే ఉంది. ప్రతి ఘట్టమూ ఒక కీర్తనకు కారణం కావడం కోసమే వస్తుంది. అన్న ఎందుకు అంత కసిగా ఉన్నాడు? ఇంట్లో బియ్యం లేని రోజు భార్య ఏమనుకుంది? ఆ మనుషులకు సొంత బతుకు లేదు. కీర్తనకు తెర తీసి పక్కకు తప్పుకుంటారు. వాహినీలో ఉన్నప్పుడు నాగయ్య పాట ఎంతసేపు ఉండాలో చూసేందుకు బి.ఎన్. రెడ్డి, కె.వి. రెడ్డి వంటి దర్శకులు ఉన్నారు. ఇక్కడ సంగీత దర్శకుడు మరో కీర్తన కావాలంటే దర్శకుడు కాదనలేడు, నిర్మాత అసలే కాదనలేడు. ముగ్గురూ ఒకడే మరి. పాటా నటనా ఒకే మనిషిలో కలవడం నాగయ్య బలం అన్నాం. కత్తిరించే చేయి కూడా ఆ మనిషిదే అయినప్పుడు అదే బలం చిత్రానికి బరువైంది. తర్వాత ఆయన దర్శకత్వంలో వచ్చిన 'నా ఇల్లు' (1953), 'రామదాసు' (1964) చూసినప్పుడు ఈ మాటను మీరే పరీక్షించుకోండి.

పోలికకు 1981లో బాపు తీసిన 'త్యాగయ్య' ఉంది. జె.వి. సోమయాజులు నటించారు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడారు. పాట నాణ్యతలో, చిత్రీకరణలో రెండోది చాలా ముందుంది. అయినా పాట మొదలైన ప్రతిసారీ గొంతుకు వేరే ఒళ్లు వస్తుంది. మన చెవి దానికి అలవాటు పడింది గనుక పట్టించుకోం. నాగయ్య చిత్రం చూసిన వెంటనే దాన్ని చూస్తే పట్టించుకుంటాం.

గొంతు ఒకరిది, ముఖం మరొకరిది

1940ల చివరికి నేపథ్య గానం తెలుగు సినిమాలో స్థిరపడింది. ఘంటసాల వచ్చారు. పాట పాడలేని అందగాడు కథానాయకుడు కావచ్చు, ముఖం చూపించనక్కరలేని గాయకుడు రాష్ట్రమంతా వినబడవచ్చు. పరిశ్రమకు ఇది మేలే చేసింది, మంచి పాటలు వచ్చాయి. కానీ పాడే నటుడనే జాతి దాదాపు అంతరించింది. భానుమతి నిలబడ్డారు. తన పాట తానే పాడుకున్నారు, 'చక్రపాణి' (1954)కి సంగీతమూ కూర్చారు. అంత గొంతు, అంత పట్టుదల, వెనక సొంత స్టూడియో ఉంటే సాధ్యమైంది. నాగయ్యకు అప్పటికి యాభై దగ్గర పడుతోంది. గొంతూ మునుపటిది కాదు.

ఆయన పతనానికి దానగుణమే కారణమని కథలు చెబుతాయి. డబ్బు పోవడానికి అది కారణం కావచ్చు. పాత్రలు తగ్గడానికి మాత్రం కాదు. ఆయన కళ ఏ పద్ధతి మీద నిలబడిందో ఆ పద్ధతే పోయింది. వయసు, కొత్త తరం నటులు దానికి తోడయ్యారు. దానకర్ణుడి కథ వినడానికి బాగుంటుంది గనుక ఈ సంగతిని ఎవరూ చెప్పరు.

మరి పాట పోయాక నటుడికి ఏం మిగిలింది? ఇక్కడే ఆయన రెండో విద్య పైకి వచ్చింది. అది వినడం. దాని ఆనవాలు 1945 తమిళ 'మీరా'లోనే కనబడుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరా, నాగయ్య రాణా. పాటంతా ఆమెది. భర్తగా ఆయన చేయవలసిందల్లా తనకు అందకుండా పోతున్న ఆ పాటను వినడం. అంత గొప్ప గాయని ఎదుట ఊరికే నిలబడటం ఎవరికైనా ఇబ్బందే. సంగీతం తెలిసినవాడు కాబట్టి ఆయన వినగలిగాడు.

1950లో విక్టర్ హ్యూగో 'లే మిజరాబ్ల' నవల ఆధారంగా పక్షిరాజా సంస్థ తమిళంలో 'ఏళై పడుం పాడు', తెలుగులో 'బీదలపాట్లు' తీసింది. దర్శకుడు కె. రామ్‌నాథ్, పాత వాహినీ రోజుల సహచరుడు. రొట్టె దొంగిలించి జైలు పాలైన మనిషి నాగయ్య. వెంటాడే పోలీసు అధికారిగా వేసిన సీతారామన్‌కు ఆ పాత్ర పేరుతో 'జావర్' సీతారామన్ అని జీవితాంతం పేరు నిలిచిపోయింది. అంత పేరు ఎదుటివాడికి పోయేంత చోటు వదలడం కూడా నాగయ్య నటనలో భాగమే అని మా అభిప్రాయం. క్రూరుడు మాట్లాడుతుంటే ఈయన వింటాడు. చూసేవాళ్లకు ఇద్దరూ అర్థమవుతారు.

1965లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాతా చిన్నా పెద్దా పాత్రలు వేస్తూనే, 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. త్యాగరాయనగరు పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది.

మీలో చాలామంది నాగయ్యను మొదట చూసింది 'లవకుశ' (1963)లో అయి ఉంటుంది. అందులో ఆయన వాల్మీకి. సంగీతం ఘంటసాలది. మనకు గుర్తున్న పాటలు లవకుశులవి, గొంతులు లీలవి, సుశీలవి. రామాయణం రాసిన కవిగా తెరమీద ఉన్నా, దాన్ని పాడే పని పిల్లలకు పోయింది. ఈసారి టీవీలో ఆ చిత్రం వచ్చినప్పుడు పిల్లలు పాడుతుండగా గురువు ముఖం కనబడిన చోటల్లా ఆయన్నే చూడండి. తాళం ఎక్కడ పడుతుందో ఆ కళ్లకు ముందే తెలుసు.